ఫిషింగ్ రాడ్ మిషన్‌కి కొత్త చక్: ఎలా ఎంచుకోవాలి, ఎలా బిగించాలి

సొంతంగా ఫిషింగ్ రాడ్లు చేసుకునేవాళ్ళకి చక్ గురించి, అంటే మిషన్‌లో తిరిగే రాడ్‌ని పట్టుకుని ఉంచే భాగం గురించి, ఆలోచించాల్సిన అవసరం అది సతాయించడం మొదలుపెట్టినప్పుడే వస్తుంది. దారం చుడుతుంటే బ్లాంక్ (పిడి, రింగులు పెట్టని ఉత్త రాడ్ గొట్టం) జారుతుంది, కార్క్ పిడి ఒకవైపు మందంగా, ఒకవైపు పలచగా వస్తుంది, లేదా డ్రైయర్‌లో (ఎపాక్సీ జిగురు ఆరేదాకా రాడ్‌ని తిప్పే మిషన్‌లో) రాడ్ తిరుగుతూ తిరుగుతూ అర్ధరాత్రి ఊడి కింద పడుతుంది. వెంటనే ఫోన్ తీసి ఆన్‌లైన్‌లో చక్‌ల ఫొటోలు చూడటం మొదలుపెడతాం. కాసేపు అది పక్కన పెట్టి మీ మిషన్ స్పిండిల్‌ని, అంటే చక్ ఎక్కే ఇరుసుని, కొలవండి. చక్ ఎంత మంచిదైనా ఆ స్పిండిల్ మీదకి ఎక్కకపోతే డబ్బు దండగే.

చక్ చేయాల్సిన పని అన్ని మిషన్లలో ఒకటి కాదు. డ్రైయర్‌లో రాడ్ నిమిషానికి ఐదారు చుట్లు తిరుగుతుంది, అక్కడ మెత్తగా పట్టుకుని వదలకుండా ఉంటే చాలు. దారం చుట్టే మిషన్‌లో బ్లాంక్ రోలర్ల మీద ఆనుకుని ఉంటుంది కాబట్టి చక్ కొంచెం అటూ ఇటూ ఉన్నా పని నడుస్తుంది. కార్క్, ఈవీఏ (ఫోమ్) పిడులు తిప్పి ఆకారం తెచ్చే లేత్ దగ్గర మాత్రం చక్ నడిమధ్యలో తిరిగి తీరాలి. ఎందుకంటే ఎమరీ పేపర్ పెట్టినప్పుడు పిడి లేత్ ఇరుసుకి గుండ్రంగా వస్తుంది, బ్లాంక్‌కి కాదు. బ్లాంక్ అర మిల్లీమీటరు పక్కకి కూర్చుంటే పిడి కూడా అర మిల్లీమీటరు పక్కకే వస్తుంది. అందుకని ఖరీదైన చక్ ఒక్కటే కొనగలిగితే అది లేత్‌కి కొనండి. డ్రైయర్‌కి ఇంట్లో చేసుకున్నది సరిపోతుంది, ఎలాగో కింద చెబుతాను.

పాతది నిజంగా పోయిందా?

చాలా చక్‌లకి వచ్చే జబ్బు అరుగుదల కాదు, మురికి. కార్క్ పొడి, ఎపాక్సీ తుంపరలు, నూనె కలిసి జాల (రాడ్‌ని నొక్కిపట్టే చక్ దవడల) కింద గట్టి ముద్దలా పేరుకుంటాయి. ప్లగ్ తీసేసి, చక్ కీతో జాలు పూర్తిగా తెరవండి. ఒక్కొక్కటే బయటికి వస్తాయి. వాటి పక్కన 1, 2, 3 అని అంకెలు చెక్కి ఉంటాయి, చక్ గాడుల దగ్గర కూడా ఉంటాయి. కిరోసిన్, పాత టూత్‌బ్రష్ తీసుకుని లోపలి చుట్టుమర అంతా కడగండి. తిరిగి పెట్టేటప్పుడు కీ తిప్పుతూ మర మొదలు 1వ గాడిలో కనిపించగానే 1వ జా, తర్వాత 2, తర్వాత 3. ఈ వరస తప్పితే మూడు జాలూ మధ్యలో కలుసుకోవు, చక్ పాడైందని భ్రమపడతాం. లోపల రెండు చుక్కల పలచటి మిషన్ ఆయిల్ చాలు. గ్రీజు పూస్తే కార్క్ పొడి మళ్ళీ అక్కడే అంటుకుంటుంది.

కడిగాక జాలు అరిగాయో లేదో చూడటానికి ఒక తేలిక పరీక్ష ఉంది. 12 మి.మీ. తిన్నని ఇనుప రాడ్ ఒకటి తీసుకోండి. పాత ప్రింటర్లో హెడ్ జారే మెరుపు రాడ్ దీనికి బాగుంటుంది, పాత సామాను కొట్లో దొరుకుతుంది. సన్నటి కాగితం ముక్కలు మూడు కత్తిరించి, ఒక్కో జాకీ రాడ్‌కీ మధ్య, జా మూతి దగ్గర, ఒక్కో ముక్క పెట్టి బిగించండి. ఇప్పుడు కాగితాలు లాగండి. ఏదైనా సులువుగా జారి వచ్చేస్తే ఆ జా మూతి అరిగిపోయి, లోపలి కొన మాత్రమే పట్టుకుంటోందని అర్థం. మూడూ గట్టిగా ఉంటే మీ చక్ బాగానే ఉంది, ఊగుడు ఇంకెక్కడో ఉంది.

ఆ ఇంకెక్కడో ఎక్కడో తేలాలంటే చక్ విప్పేసి స్పిండిల్ మొహానికి డయల్ గేజ్ (సన్నటి ఊగుడుని ముల్లుతో చూపే కొలత పరికరం) ఆనించి చేత్తో నెమ్మదిగా తిప్పి చూడండి. ముల్లు 0.02 మి.మీ. కంటే ఎక్కువ కదులుతుంటే బేరింగుల సంగతి చూసుకోవాలి. ఆ పరిస్థితిలో ఎంత ఖరీదైన చక్ పెట్టినా ఊగుతూనే ఉంటుంది.

స్పిండిల్ కొలతలు తీసుకోవడం

స్పిండిల్ కొనలు స్థూలంగా మూడు రకాలు: మర ఉన్నవి, ఫ్లాంజ్ (బోల్టులు పట్టే గుండ్రటి పళ్ళెం) ఉన్నవి, ఊరికే మోటారు షాఫ్ట్ ఉన్నవి.

మర ఉన్నదైతే బయటి వ్యాసం వర్నియర్‌తో కొలవండి. అంగుళంలో ఎన్ని మరలున్నాయో లెక్కపెట్టండి. థ్రెడ్ గేజ్ లేకపోతే తెల్లకాగితాన్ని మర మీద గట్టిగా అదిమి పెన్సిల్‌తో రుద్దితే గీతలు పడతాయి, స్కేలు పెట్టి లెక్కించుకోవచ్చు. అమెరికా తరహా చిన్న చెక్క లేత్‌లకి ఎక్కువగా 1 అంగుళం, 8 టీపీఐ (అంగుళానికి 8 మరలు) ఉంటుంది. షెర్లైన్, టైగ్ లాంటి బుల్లి లేత్‌లకి ముప్పావు అంగుళం, 16 టీపీఐ. యూరప్ తరహా పెద్ద చెక్క లేత్‌లకి ఎం33 (33 మి.మీ. వ్యాసం), 3.5 మి.మీ. పిచ్ (మరకీ మరకీ మధ్య దూరం). వర్నియర్‌లో 25.4 రావాల్సిన చోట 25.2 వస్తే కంగారు పడకండి, బయటి మర ఎప్పుడూ కాస్త తక్కువే ఉంటుంది. వ్యాసం ఒక్కటే చూసి కొనకూడదు. మొదటి రెండు చుట్లు ఎక్కి, మూడో చుట్టులో బిగుసుకుపోయిందంటే పిచ్ తేడా. బలవంతంగా తిప్పితే స్పిండిల్ మరే పోతుంది.

సీగ్ సీ3 రకం చైనా మినీ లేత్‌లది ఫ్లాంజ్ పద్ధతి. రాడ్ పిడులు తిప్పుకోవడానికి చాలామంది వాడేది ఇదే. ఫ్లాంజ్ మధ్యలో 55 మి.మీ. వ్యాసంతో కొద్దిగా పైకి లేచిన గట్టు ఉంటుంది, చుట్టూ 66 మి.మీ. వృత్తం మీద బోల్టు రంధ్రాలు. చక్ వెనకాల అదే కొలతతో గుంట ఉండాలి. చక్‌ని నడిమధ్యకి తెచ్చేది ఆ గట్టే, బోల్టులు కావు. కాబట్టి మీరు రాసుకోవాల్సినవి: గట్టు వ్యాసం, గట్టు ఎత్తు, బోల్టు వృత్తం, బోల్టుల సంఖ్య, సైజు. వీటితోపాటు స్పిండిల్ లోపలి రంధ్రం కూడా కొలవండి. సీ3లో అది 20 మి.మీ.

డ్రైయర్ మోటార్ల షాఫ్ట్ సన్నగా ఉంటుంది. చిన్న సింక్రనస్ గేర్ మోటార్లలో చాలావాటికి 7 మి.మీ. షాఫ్ట్, ఒకవైపు చదునుగా చెక్కిన డి ఆకారంలో వస్తుంది.

ఏ చక్ కొనాలి

మినీ లేత్‌కైతే మూడు జాలు కలిసి కదిలే మామూలు త్రీజా చక్ తీసుకోండి. మార్కెట్లో కె11 అనే పేరుతో దొరుకుతుంది, పక్కన ఉండే అంకె చక్ వ్యాసం. కె11-80కి వెనక గుంట 55 మి.మీ., బోల్టు వృత్తం 66, మధ్య రంధ్రం 16. కె11-100కి గుంట 72, బోల్టు వృత్తం 84, రంధ్రం 22. కె11-125కి గుంట 95, బోల్టు వృత్తం 108, రంధ్రం 30. సీ3 ఫ్లాంజ్ మీద 80 సైజు నేరుగా కూర్చుంటుంది. 100 పెట్టాలంటే మధ్యలో రెండింటినీ కలిపే అడాప్టర్ ప్లేట్ కావాలి.

ఇక్కడే రాడ్ పనికి సంబంధించిన ఒక తిరకాసు ఉంది. ఇనుప పని చేసే టర్నర్‌కి మధ్య రంధ్రంతో అంత పని పడదు, మనకి మాత్రం అదే ముఖ్యం. ఏడడుగుల బ్లాంక్‌ని చక్ ముందు మొత్తం వేలాడదీయలేం, సగం స్పిండిల్ గుండా వెనక్కి పోవాలి. చెరువుల్లో, కాలువల్లో వాడే తేలిక రాడ్ మొదలు వైపు 8 నుంచి 12 మి.మీ. దాకా ఉంటుంది, 16 రంధ్రంలో హాయిగా దూరుతుంది. సముద్రపు ఒడ్డున నిలబడి విసిరే పెద్ద రాడ్ మొదలు 20 దాటిపోవచ్చు, దానికి 80 సైజు చక్ పనికిరాదు. మీరు చేసేవి రెండు రకాలూ అయితే 100 సైజు, అడాప్టర్ ప్లేట్ కలిపి తీసుకోవడమే మేలు. అప్పుడు కూడా 20 మి.మీ. స్పిండిల్ రంధ్రమే చివరి హద్దు అని మర్చిపోకండి. పెద్ద చక్ ఎప్పుడూ మంచిదేనన్న మాట నేను ఒప్పుకోను. బరువు పెరిగితే చిన్న మోటారు, బేరింగులు రెండూ మోయలేక మూలుగుతాయి.

నాలుగు జాలు విడివిడిగా కదిలే చక్ కచ్చితంగా పట్టుకుంటుంది, కానీ ప్రతి రాడ్‌కీ డయల్ గేజ్ పెట్టి సరిచేసుకోవాలి. పిడి తిప్పే పనికి అంత ఓపిక అక్కర్లేదు. ఈఆర్32 కోలెట్ చక్ (చీలికలున్న గొట్టం బిగుసుకుని పట్టే రకం) అయితే చుట్టూ సమంగా పట్టుకుంటుంది కాబట్టి పలచటి కార్బన్ బ్లాంక్‌కి మంచిదే. అయితే ఒక్కో కోలెట్ 1 మి.మీ. తేడాని మాత్రమే సర్దుకుంటుంది, పైగా బ్లాంక్ ఒకవైపుకి సన్నబడుతూ పోతుంది. సెట్ మొత్తం కొనాలి, టేపు చుట్టి సాపు చేయాలి. డబ్బుంటే తీసుకోండి. డ్రిల్ చక్‌ని మోర్స్ టేపర్‌తో (రంధ్రంలో బిగుసుకునే, సన్నబడుతూ పోయే కొనతో) లేత్ హెడ్‌లో దూర్చి బ్లాంక్ పట్టించడం మాత్రం వద్దు. పక్క ఒత్తిడికి టేపర్ వదులై చక్ ఊడి వచ్చేస్తుంది, పైగా సన్నటి గట్టి జాలు బ్లాంక్‌లోకి దిగుతాయి.

దారం చుట్టే మిషన్‌ని మీరే చిన్న మోటారుతో తయారుచేసుకుంటుంటే కె01-50 అనే చిన్న చక్ చూడండి. వెనకాల ఎం14, 1 మి.మీ. పిచ్ మర ఉంటుంది, కీ బదులు రెండు చిన్న కడ్డీలతో బిగిస్తారు. దారం పనికి ఇది బాగా సరిపోతుంది.

ఎక్కడ కొనాలంటే, హైదరాబాద్ వైపు వాళ్ళకి సికింద్రాబాద్ రాణిగంజ్‌లో మిషన్ టూల్స్ కొట్లున్నాయి. చిన్న మోటార్లు, కప్లింగులు కోఠి గుజరాతీ గల్లీలో వెతకండి. బ్యాక్ ప్లేట్ (పైన చెప్పిన అడాప్టర్ ప్లేటే) చేయించుకోవాలంటే విజయవాడ, విశాఖ ఆటోనగర్‌లలో టర్నర్లకి కొదవలేదు. వెళ్ళేటప్పుడు కాగితం మీద కొలతలు కాదు, వీలైతే పాత చక్కే తీసుకెళ్ళండి. చూడగానే టర్నర్‌కి విషయం అర్థమవుతుంది. కొట్లో చక్ చేతిలోకి తీసుకుని కీతో జాలని చివరి నుంచి చివరిదాకా నడిపించి చూడండి. మధ్యలో ఎక్కడైనా పట్టేస్తే వేరేది అడగండి.

బిగించడం

ప్లగ్ పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు.

చక్ కింద, లేత్ బెడ్ మీద, చెక్క ముక్క వేయండి. 80 సైజు చక్ కూడా రెండు కిలోల దాకా ఉంటుంది. జారి పడితే బెడ్‌కి గంటు పడుతుంది, లేకపోతే మీ వేలికి. సీ3లో చక్ వెనక ఎం6 స్టడ్లకి (తల లేని బోల్టులకి) నట్లు ఉంటాయి, 10 నంబరు స్పానర్ పడుతుంది. ఫ్లాంజ్‌కీ హెడ్‌కీ మధ్య సందు ఎంత ఇరుకంటే స్పానర్ ఒకసారికి ఆరో వంతు కూడా తిరగదు. ఓపికగా, చేత్తో స్పిండిల్ తిప్పుకుంటూ ఒక్కొక్కటి వదులు చేయండి. చివరి నట్టు తీసేటప్పుడు రెండో చేయి చక్ కింద ఉండాలి. మర రకం స్పిండిల్ అయితే హెడ్‌ని కదలకుండా లాక్ చేసి చక్‌ని ఎడమవైపుకి తిప్పాలి. మొండికేస్తే జాల మధ్య పొడవాటి చెక్క కడ్డీ పట్టించి దాన్ని లివరుగా వాడండి, సుత్తితో జాల మీద కొట్టకండి.

ఫ్లాంజ్ మొహం, గట్టు, చక్ వెనక గుంట, మూడూ కిరోసిన్ బట్టతో తుడిచి, తర్వాత పొడి బట్టతో తుడిచి, ఆఖరున వేలితో తడమండి. కంటికి కనిపించని ఇనుప రజను వేలికి తెలుస్తుంది. ఒక్క రవ్వ అక్కడ ఇరుక్కుంటే చక్ ఒకపక్కకి వాలి కూర్చుంటుంది. ఆ వాలు మన పనికి ఎంత చేటు చేస్తుందో చూడండి: జాల దగ్గర 25 మి.మీ. పొడవులో 0.2 మి.మీ. వాలు ఉంటే, రెండు మీటర్ల అవతల బ్లాంక్ కొన 16 మి.మీ. పక్కకి పోతుంది. మిగతా లేత్ పనివాళ్ళు పట్టించుకోని తేడా రాడ్ కట్టేవాళ్ళకి ఇలా బయటపడుతుంది.

కొత్త చక్‌తో వచ్చిన స్టడ్లు చేత్తో ఎక్కించి చూడండి. స్టడ్ల బదులు బోల్టులు వస్తే, పొడవు ఎక్కువై కొన రంధ్రం అడుగుకి తగిలినప్పుడు బోల్టు బిగిసినట్టే అనిపిస్తుంది, చక్ మాత్రం ఫ్లాంజ్‌కి ఆనదు. అవసరమైతే కొన కత్తిరించుకోండి. ఇప్పుడు చక్‌ని గట్టు మీదకి నేరుగా తోయండి. చేత్తో నొక్కితే బిగువుగా లోపలికి పోవాలి. లటుక్కున పడిపోయి కదులుతుంటే గుంట పెద్దది. అసలు ఎక్కకపోతే సుత్తి తీయకండి, గుంట అంచున లేచిన ముల్లు ఉందేమో చూసి సన్న ఆకురాయితో తీసేయండి. నట్లు ముందు వేళ్ళతో, తర్వాత స్పానర్‌తో ఒకటి తర్వాత ఒకటి కొద్దికొద్దిగా బిగించాలి. ఒక్కదాన్నే పూర్తిగా బిగించి తర్వాత దానికి పోతే చక్ ఒరిగిపోతుంది.

బ్యాక్ ప్లేట్ అవసరమైతే దాన్ని మీ స్పిండిల్ మీద బిగించాకే గట్టు చెక్కించాలి. వేరే లేత్ మీద చెక్కి తెచ్చి ఇక్కడ పెడితే ఆ మిషన్ తేడా కూడా మీ నెత్తినే పడుతుంది. లేత్ షాపు వాడితో మొహం, గట్టు అర మిల్లీమీటరు ఎక్కువ ఉంచమని చెప్పి, చివరి కోత మీ మిషన్ మీద మీరే తీసుకోండి.

తర్వాత పరీక్ష. ఆ 12 మి.మీ. రాడ్‌నే పట్టించి, డయల్ గేజ్ జాల పక్కనే ఆనించి చేత్తో తిప్పండి. ముల్లు మొత్తం 0.1 మి.మీ. లోపు కదిలితే కార్క్ పనికి చాలు. కార్క్ రింగుకి బయటి వ్యాసం ఒకటింబావు అంగుళం, అంటే 32 మి.మీ. దాకా ఉంటుంది, అందులో ఈ తేడా చేతికి తెలియదు. తర్వాత గేజ్‌ని 150 మి.మీ. అవతలికి జరిపి మళ్ళీ చూడండి. దగ్గర బాగుండి దూరంలో ఎక్కువ కదిలితే చక్ వాలి కూర్చుంది, విప్పి మళ్ళీ తుడవండి. రెండుచోట్లా ఒకేలా ఎక్కువుంటే నట్లు వదులు చేసి, చక్‌ని ఒక రంధ్రం పక్కకి తిప్పి బిగించి చూడండి. మూడు స్థానాల్లో ఏది బాగుంటే అక్కడ చక్ మీదా ఫ్లాంజ్ మీదా పంచ్‌తో చుక్క పెట్టేయండి. ఇంకోసారి విప్పినప్పుడు ఈ తంతంతా అక్కర్లేదు.

మొదటిసారి ఆన్ చేసేముందు చక్ కీ బల్ల మీద ఉందో లేదో చూసుకోండి. కీ చక్‌లోనే ఉండగా స్విచ్ వేస్తే అది ఎగిరి వచ్చి మొహానికి తగులుతుంది. అతి తక్కువ స్పీడ్‌లో ఐదు నిమిషాలు ఖాళీగా తిప్పి, ఆపి, నట్లు మళ్ళీ ఒకసారి చూడండి.

బ్లాంక్‌ని పట్టించడం

కార్బన్ బ్లాంక్ అంటే పలచటి గొట్టం. మూడు ఇనుప జాలు మూడుచోట్ల నొక్కితే లోపల పగులు వస్తుంది, పైకి ఏమీ కనిపించదు. చేప లాగినప్పుడు అక్కడే ఫట్ మంటుంది. అందుకని ముందు మొదలు లోపలికి బిగువుగా పట్టే చెక్క పుల్ల ఒకటి చెక్కి, జాలు పడే పొడవు మేరకి దూర్చండి. పైన మాస్కింగ్ టేపు నాలుగైదు చుట్లు. ఇంకా మంచి దారి చీల్చిన బుష్: నైలాన్ కడ్డీలో బ్లాంక్ సైజుకి రంధ్రం చేయించి, ఒకవైపు పొడవునా రంపంతో కోయించండి. జాలు బుష్‌ని నొక్కుతాయి, బుష్ బ్లాంక్‌ని చుట్టూ సమంగా పట్టుకుంటుంది. తరచుగా వాడే మూడు నాలుగు సైజులు చేయించి పెట్టుకుంటే ఏళ్ళ తరబడి వస్తాయి. సైకిల్ ట్యూబ్ ముక్కలు పెట్టుకోవడం దారం మిషన్‌కి ఫర్వాలేదు, లేత్‌కి వద్దు. మూడు ముక్కలు మూడు రకాలుగా నలిగి బ్లాంక్ పక్కకి పోతుంది.

స్పిండిల్ వెనక నుంచి బయటికి వచ్చిన బ్లాంక్‌కి కచ్చితంగా రోలర్ స్టాండ్ పెట్టండి. ఆధారం లేకుండా స్పీడ్ పెంచితే ఆ తోక ఒక్కసారిగా వంగి కొరడాలా కొడుతుంది, పక్కన ఎవరున్నా తగులుతుంది. పిడి ఆకారం తేవడానికి 500 నుంచి 800 ఆర్‌పీఎం చాలు. గ్లవ్స్, వేలాడే చొక్కా చేతులు, చున్నీ ఏవీ వద్దు. కార్బన్, ఫైబర్ గ్లాస్ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు, ఎన్95 మాస్క్ పెట్టుకోండి. కార్బన్ పొడికి కరెంటు పాకే గుణం కూడా ఉంది, లేత్ స్పీడ్ బోర్డు మీద పడకుండా మూత చూసుకోండి.

డ్రైయర్‌కి ఇంటి చక్

పీవీసీ పైపు ఎండ్ క్యాప్, 63 మి.మీ.ది ఒకటి, ఎం5 పొడవు బోల్టులు మూడు, నట్లు ఆరు, 7 మి.మీ. ఫ్లాంజ్ కప్లింగ్ ఒకటి తెచ్చుకోండి. క్యాప్ చుట్టూ కాగితం పట్టీ చుట్టి చుట్టుకొలత దగ్గర కత్తిరించండి. దాన్ని మూడు సమభాగాలుగా గుర్తు పెట్టి మళ్ళీ చుట్టి, గుర్తుల దగ్గర క్యాప్ మీద చుక్క పెట్టండి. పట్టీ 220 మి.మీ. వస్తే 73 చొప్పున గుర్తులు పడతాయి. ఆ మూడు చుక్కల దగ్గర 5 మి.మీ. రంధ్రాలు. ఒక్కో బోల్టుకి క్యాప్ లోపల ఒకటి, బయట ఒకటి నట్టు. బోల్టు కొనలకి రబ్బరు తొడుగులు పెట్టండి. క్యాప్ అడుగు కేంద్రంలో కప్లింగ్ బిగించి, దాని గ్రబ్ స్క్రూ (తల లేని బిగింపు స్క్రూ) షాఫ్ట్ చదును భాగం మీద పడేలా చూడండి. గుండ్రటి వైపు పడితే రాత్రికి రాత్రే వదులైపోతుంది.

అమెరికా నుంచి చుట్టాలు తెచ్చే డ్రైయర్ల సంగతి ఒకటి చెప్పాలి. అవి 110 వోల్టుల మోడల్ అయితే నేరుగా మన ప్లగ్‌లో పెడితే కాలిపోతాయి. కన్వర్టర్ వాడినా అక్కడ 60 హెర్ట్జ్, ఇక్కడ 50 కాబట్టి సింక్రనస్ మోటారు నిదానిస్తుంది, 18 ఆర్‌పీఎం కాస్తా 15 అవుతుంది. ఎపాక్సీ కారకుండా ఉండటానికి అదీ ఎక్కువే, చక్ మార్చి వాడుకోవచ్చు.

చేతి డ్రిల్ వాడేవాళ్ళకి

లేత్ లేక డ్రిల్ మిషన్‌తోనే పిడులు తిప్పేవాళ్ళు చాలామంది. దాని చక్ మార్చాలంటే జాలు పూర్తిగా తెరిచి లోపలికి చూడండి, అడుగున ఒక స్క్రూ ఉంటుంది. రివర్స్ ఉన్న డ్రిల్స్‌లో అది ఎడమ మర స్క్రూ, కుడివైపుకి తిప్పితేనే ఊడుతుంది. అది తీశాక పెద్ద అలెన్ కీ జాల్లో పట్టించి, ఎడమవైపుకి ఒక్క దెబ్బ కొడితే చక్ వదులవుతుంది. కొత్తది కొనేటప్పుడు మర చూసుకోండి: 13 మి.మీ. డ్రిల్స్‌కి మామూలుగా అర అంగుళం, 20 టీపీఐ, 10 మి.మీ. వాటికి చాలావరకు మూడు ఎనిమిదో వంతు అంగుళం, 24 టీపీఐ. బ్లాంక్ రెండో కొనకి బేరింగ్ ఆధారం లేకుండా డ్రిల్ మీద ఎమరీ పేపర్ నొక్కకండి, దాని ముందు బేరింగ్ పక్క ఒత్తిడికి తట్టుకోదు.